పోదామా, ఉందామా? – మన పెద్దలను వేధించిన ప్రశ్న



మన సొసైటీ మీటింగు ముగిసి, చాయ్ తాగుతూ నలుగురు కూర్చున్న చోట ఈ మధ్య ఒక మాట తరచుగా వినిపిస్తున్నది. "ఇక్కడ ఇంకేమున్నది భాయ్? పిల్లల్ని కెనడాకో, ఆస్ట్రేలియాకో పంపి, మనమూ వెనకాలే పోదాం." ఈ మాట అనేవారు తిండికి లేనివారు కారు. మాధాపూర్‌లో, గచ్చిబౌలిలో మంచి ఉద్యోగాలు చేస్తున్న బిడ్డల తల్లిదండ్రులు. అద్దె ఇల్లు అడిగితే పేరు విని తలుపు వేసుకున్నారని ఒకరు, టీవీలో చర్చలు విని నిద్ర పట్టడం లేదని ఇంకొకరు, ఓటు వేసినా మన మాట ఎవరు వింటున్నారని మరొకరు చెబుతుంటారు. ఆ బాధ అబద్ధం కాదు. దానిని తేలిక చేసి మాట్లాడే ఉద్దేశం మాకు లేదు.

అయితే ఈ ప్రశ్న మనకు కొత్తది కాదు. మన తాతలు, ముత్తాతలు ఇదే ప్రశ్నను మనకన్నా కష్టకాలంలో ఎదుర్కొన్నారు. కొందరు పోయారు, కొందరు ఉన్నారు. పోయినవారికి ఏమయింది, ఉన్నవారు ఏం చేశారు అన్నది తెలుసుకోకుండా మనం ఒక నిర్ణయానికి రావడం మంచిది కాదు. అందుకే ఈ సంవత్సరం సంచికలో ఈ చరిత్రను నాలుగు మాటల్లో చెప్పాలని సంకల్పించాము.

ఖైబర్ దాకా వెళ్లి తిరిగివచ్చినవారు

ముందుగా 1920 సంవత్సరం సంగతి. మొదటి ప్రపంచ యుద్ధం తరువాత ఖిలాఫత్ విషయంలో బ్రిటిష్ ప్రభుత్వం మాట తప్పిందని దేశంలోని ముస్లిములందరూ ఆగ్రహించారు. అలాంటి ప్రభుత్వం కింద బతకడం కన్నా హిజ్రత్ చేయడం మేలని కొందరు పిలుపునిచ్చారు. అప్పటి అఫ్గానిస్తాన్ అమీర్ అమానుల్లా ఖాన్ రమ్మన్నాడు. సింధు, పంజాబు, సరిహద్దు రాష్ట్రాల నుంచి వేలాది కుటుంబాలు పొలాలు, గొడ్లు వచ్చినకాడికి అమ్ముకుని, బండ్లు కట్టుకుని ఖైబర్ కనుమ దారి పట్టాయి. ఆ పేద దేశం అంతమందిని పోషించలేకపోయింది. ఆగస్టు నెల వచ్చేసరికి ఇక రావద్దన్నారు. దారిలో జబ్బులతో, ఆకలితో ఎందరో పోయారు. తిరిగివచ్చినవారికి ఊళ్లో ఇల్లు లేదు, పొలం లేదు.

వారి కోపం న్యాయమైనదే. కాని కోపం ఎంత న్యాయమైనదైనా అది బండికి దారి చూపించదు గదా! రమ్మన్నవాడికి మనల్ని పోషించే శక్తి ఉన్నదా అని అడిగినవారు తక్కువ. ఇది మొదటి పాఠం.

లింగంపల్లి మీదుగా పోయిన రైళ్లు

ఇక మన గడ్డ మీదికి వద్దాం. లింగంపల్లి స్టేషన్‌లో రోజూ ఎంఎంటీఎస్ ఎక్కే మన పిల్లలకు ఆ పట్టాలకు ఎంత వయసున్నదో తెలియకపోవచ్చు. 1874లో వాడి జంక్షన్ నుంచి సికింద్రాబాద్ దాకా నిజాం కాలంలో వేసిన లైను అది. హైదరాబాద్ నుంచి బొంబాయి పోవడానికి లింగంపల్లి, వికారాబాద్, తాండూరు, వాడి మీదుగా దారి. 1948 తరువాత కరాచీ వెళ్లిన హైదరాబాదీలలో చాలామంది ఈ పట్టాల మీదనే బొంబాయి చేరి, అక్కడ ఓడ ఎక్కారు. మరికొందరు రాజస్థాన్‌లోని మునాబావ్ దాటి ఖోఖ్రాపార్ మీదుగా సింధులో అడుగుపెట్టారు. అప్పుడు మన శేరిలింగంపల్లి చుట్టూ రాళ్ల గుట్టలు, చెరువులు, సీతాఫలం పొదలు. కిటికీలోంచి ఆ గుట్టలను చివరిసారిగా చూసుకుంటూ పోయినవారు ఎందరో!

వారు ఎందుకు పోయారు? 1947 ఆగస్టు 15 తరువాత నిజాం ఏ దేశంలోనూ చేరలేదు. నవంబరు 29న భారత ప్రభుత్వంతో యథాతథ ఒడంబడిక జరిగింది. ఆ మరుసటి సంవత్సరమంతా ఖాసిం రజ్వీ నాయకత్వంలో రజాకార్లు చేసిన దౌర్జన్యాలను దాచిపెట్టి చరిత్ర చెప్పుకోవడం న్యాయం కాదు. ఆ దౌర్జన్యాలను ఎదిరించి రాసినందుకు 'ఇమ్రోజ్' పత్రిక సంపాదకుడు షోయబుల్లా ఖాన్‌ను 1948 ఆగస్టులో నడివీధిలో చంపారు. ఆయన కూడా మనవాడే అని మరువరాదు. సెప్టెంబరు 13న భారత సైన్యం ప్రవేశించింది, 17న నిజాం లొంగుబాటు ప్రకటించాడు. జనం దానిని పోలీస్ యాక్షన్ అన్నారు.

ఆ తరువాత పల్లెల్లో జరిగింది ఇంకొక విషాదం. రజాకార్ల పాపం రజాకార్లతో ఏ సంబంధమూ లేని పేద ముస్లిముల మీద పడింది. ప్రధాని నెహ్రూ పండిత సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్ తదితరులను పంపి విచారణ చేయించారు. తక్కువలో తక్కువగా లెక్క కట్టినా ఇరవై ఏడు వేల నుంచి నలభై వేల మంది ప్రాణాలు పోయి ఉంటాయని ఆ బృందం రాసింది. ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాలు ఎక్కువ దెబ్బతిన్నాయి. ఆ నివేదిక ఎన్నో ఏళ్లు బయటికి రాలేదు, 2013లో గాని అందరూ చదివే వీలు కలగలేదు. ఆ నివేదికలోనే ఇంకొక మాట ఉన్నది. ప్రాణాలకు తెగించి ముస్లిం పొరుగువారిని కాపాడిన హిందువులు ఉన్నారని, సాలెవాళ్లు తోటి సాలెవాళ్లను కాపాడుకున్నారని అందులో రాశారు. మనం రెండు పేజీలూ చదవాలి. ఒకటి చదివి ఇంకొకటి చించివేయకూడదు.

పట్నంలో చదువుకున్నవారి దిగులు వేరే రకం. 1949 ఆగస్టులో జాగీర్లు రద్దయ్యాయి. జాగీర్దారుల సంగతి అటుంచి, వారి డ్యోఢీల్లో మున్షీలుగా, జవాన్లుగా, వంటవాళ్లుగా పనిచేసిన వేలాది మంది ఒక్కసారిగా రోడ్డున పడ్డారు. నిజాం ఫౌజు రద్దయింది. 1918లో ఉర్దూ మాధ్యమంతో పెట్టిన ఉస్మానియా యూనివర్సిటీలో ఇంగ్లీషు వచ్చింది. అప్పటిదాకా డాక్టరీ, ఇంజనీరింగు కూడా ఉర్దూలో చదివినవారు ఇప్పుడు తమ చదువు ఎందుకు పనికొస్తుందని దిగులుపడ్డారు. "మన జమానా అయిపోయింది" అన్న మాట ప్రతి ఇంట్లో వినిపించింది.

పోయినవారి కథ

పోయినవారిని మనం నిందించరాదు. బిడ్డను పోగొట్టుకున్న తల్లికి ఊళ్లో ఉండమని ఎవరు చెప్పగలరు? పోయినవారిలో గొప్పవారూ ఉన్నారు. ఉస్మానియాలో గణిత శాస్త్రం బోధించిన డాక్టర్ రజియుద్దీన్ సిద్దీఖీ 1950లో పాకిస్తాన్ వెళ్లి, తరువాత ఇస్లామాబాద్ యూనివర్సిటీకి తొలి వైస్ చాన్సలర్ అయ్యారు. కరాచీలో హైదరాబాద్ కాలనీ వెలిసింది. బహాదుర్ యార్ జంగ్ పేరు మీద బహాదురాబాద్ వెలిసింది. హైదరాబాద్ కాలనీ అచార్లు ఈనాటికీ కరాచీలో పేరున్నవే. నాలుక మీది రుచిని సరిహద్దు ఆపలేదు.

కాని పోయినచోట రాజకీయ అసంతృప్తి లేదా అంటే, అక్కడా ఎదురుచూస్తూనే ఉన్నది. నలభై, యాభై ఏళ్లు కాపురం చేసినా 'ముహాజిర్' అన్న పేరు పోలేదు. ఉద్యోగాల్లో పట్నం వారికింత, పల్లె వారికింత అన్న కోటా మీద గొడవలు, 1972లో సింధులో భాష మీద అల్లర్లు, 1980ల నడుమ నుంచి కరాచీ వీధుల్లో కాల్పులు. ఇక్కడ ఉద్యోగం, భాష, భద్రత లేవని పోయినవారు అక్కడ మళ్లీ ఉద్యోగం, భాష, భద్రత గురించే కొట్లాడవలసి వచ్చింది. మనిషి ఊరు మారితే తగాదా తప్పిపోతుందనుకోవడం ఎంత పొరపాటో దీన్నిబట్టి తెలుస్తుంది.

ఇంకొక పెద్దమనిషి కథ వినండి. డాక్టర్ ముహమ్మద్ హమీదుల్లా గారు 1908లో మన హైదరాబాద్‌లో పుట్టారు. అంతర్జాతీయ న్యాయశాస్త్రంలో, ఇస్లామీయ చరిత్రలో ప్రపంచమంతా గౌరవించిన పండితుడు. 1948లో హైదరాబాద్ వ్యవహారం ఐక్యరాజ్య సమితికి నివేదించడానికి వెళ్లిన బృందంతో విదేశం వెళ్లి, ఇక తిరిగి రాలేదు. పారిస్‌లో ఉండిపోయారు. ఏ దేశం పౌరసత్వమూ తీసుకోకుండా శరణార్థి కాగితాల మీదనే దాదాపు అర్ధ శతాబ్దం గడిపారు. అక్కడే ఖుర్ఆన్‌ను ఫ్రెంచి భాషలోకి అనువదించారు. 2002లో అమెరికాలో కన్నుమూశారు. ఆయన చేసిన సేవ ఎంతో గొప్పది. కాని పుట్టిన ఊరి మట్టి ఆయనకు దక్కలేదు. అంతటి పండితునికే పోవడమన్నది అంత ఖరీదైతే, మామూలు మనిషి మాటేమిటి?

ఒక సంతకం – మూడు తరాలు

ఈ వ్యాసంలో మేము ముఖ్యంగా చెప్పదలచినది ఇక్కడున్నది. పోయేటప్పుడు చాలామంది "కొన్నాళ్లు ఉండి చూద్దాం, బాగా లేకపోతే తిరిగొద్దాం" అనుకునే పోయారు. కాని చట్టం వారి మనసును చదవలేదు, వారి తేదీని చదివింది.

1950 జనవరి 26న వచ్చిన రాజ్యాంగంలో 7వ అధికరణం ఉన్నది. 1947 మార్చి 1 తరువాత పాకిస్తాన్‌కు వలస పోయినవారిని భారత పౌరులుగా పరిగణించరని అది చెబుతుంది. తిరిగి స్థిరపడడానికి పర్మిట్ తెచ్చుకున్నవారికి మాత్రమే మినహాయింపు. 1952లో రెండు దేశాల మధ్య పాస్‌పోర్టు, వీసా వచ్చాయి. అప్పటిదాకా బంధువుల ఇంటికి పోయినట్టు పోయినవారు అప్పటి నుంచి పరాయివారయ్యారు. 1965 యుద్ధంతో ఖోఖ్రాపార్ రైలు ఆగింది. నలభై ఏళ్ల తరువాత 2006లో మళ్లీ మొదలై, 2019లో మళ్లీ ఆగిపోయింది.

ఆస్తుల సంగతి ఇంకా కఠినం. 1950లో వచ్చిన ఎవాక్యూయీ ఆస్తుల చట్టం ప్రకారం పోయినవారి ఇల్లు, పొలం కస్టోడియన్ చేతిలోకి వెళ్లాయి. అంతేకాదు, కొంతకాలం ఆ చట్టంలో 'పోవాలనుకుంటున్నవాడు' అన్న ఒక వర్గం కూడా ఉండేది. ఆ ముద్ర పడితే మనిషి ఇంకా ఇక్కడ ఉండగానే సొంత ఆస్తి అమ్ముకోవడానికి కూడా అధికారి అనుమతి కావాలి. అంటే పోవాలన్న ఆలోచన బయటపడినా ప్రమాదమే! ఇంట్లో ఒక అన్న పోతే, ఉన్న తమ్ముడు తన వాటా తనదేనని రుజువు చేసుకోవడానికి ఆఫీసుల చుట్టూ తిరగవలసి వచ్చింది. మన శేరిలింగంపల్లి చుట్టుపక్కల ప్లాటు కొనబోయినవారు సర్ఫెఖాస్, పాయిగా, ఇనాం, కస్టోడియన్ అన్న మాటలు విననివారుండరు. ఆనాటి కాగితాల తగాదాలు ఈనాటికీ కోర్టుల్లో నడుస్తున్నాయి.

మనుషులే కాదు, పరదేశం పోయిన సొమ్ముకూ ఇదే గతి పట్టింది. 1948 సెప్టెంబరులో నిజాం ప్రభుత్వానికి చెందిన పది లక్షల ఏడు వేల పౌండ్ల చిల్లర లండన్‌లోని పాకిస్తాన్ హైకమిషనర్ ఖాతాకు బదిలీ అయింది. కొద్ది రోజుల్లోనే నిజాం తన సొమ్ము వాపసు ఇవ్వమన్నాడు. బ్యాంకు ఎవరికీ ఇవ్వలేదు. చివరికి 2019 అక్టోబరులో లండన్ హైకోర్టు అది భారతదేశానికి, నిజాం వారసులకు చెందుతుందని తీర్పు చెప్పింది. అప్పటికి అది మూడున్నర కోట్ల పౌండ్లయింది. నిజాం 1967లోనే కన్నుమూశాడు. అంత గొప్ప ప్రభువు సొమ్ము ఇంటికి చేరడానికే డెబ్బై ఒక్క ఏళ్లు పట్టింది!

ఈనాటికీ ఆ సంతకం పనిచేస్తూనే ఉన్నది. విదేశీ పౌరులైన భారత సంతతివారికి మన ప్రభుత్వం 2005 నుంచి ఓసీఐ కార్డు ఇస్తున్నది. తాత ఒకప్పుడు పాకిస్తాన్ పౌరుడైతే మనవడు ఇప్పుడు అమెరికా పౌరుడైనా ఆ కార్డుకు అర్హుడు కాడు. 1950లో ఒక తాత కోపంతోనో, భయంతోనో వేసిన అడుగు, ఆయనను చూడని మునిమనవడి కాలికి కూడా అడ్డం పడుతున్నది.

ఉన్నవారు ఏం చేశారు?

ఉన్నవారు చేతులు కట్టుకుని కూర్చున్నారా? లేదు. "మన జమానా అయిపోయింది" అని అందరూ అంటున్న రోజుల్లోనే, పోలీస్ యాక్షన్ జరిగి సంవత్సరమైనా కాకముందే, 1949 ఆగస్టు 15న ఆబిద్ అలీ ఖాన్, మహబూబ్ హుస్సేన్ జిగర్ గార్లు 'సియాసత్' ఉర్దూ దినపత్రిక మొదలుపెట్టారు. ఆ రోజుల్లో ఉర్దూ పత్రిక పెట్టడమంటే ఎంత గుండె కావాలో ఆలోచించండి. డాక్టర్ మొహియుద్దీన్ ఖాద్రీ జోర్ గారు 1931లో స్థాపించిన ఇదారె అదబియాతె ఉర్దూను మూసివేయలేదు. పంజగుట్టలో దానికి ఐవానె ఉర్దూ భవనం లేచింది. కవి మఖ్దూం మొహియుద్దీన్ ఒకప్పుడు నిజాం ప్రభుత్వంతో పోరాడాడు, తరువాత కొత్త ప్రభుత్వం జైల్లో పెట్టింది. అయినా బయటికి రాగానే ఎన్నికల్లో నిలబడి, శాసనసభలో, ఆపై మండలిలో పేదవాడి మాట మాట్లాడాడు. రెండు ప్రభుత్వాలతోనూ అసంతృప్తి ఉన్న మనిషి ఆయన. కాని ఊరు విడిచిపెట్టలేదు. 1969లో ఆయన పోయినప్పుడు ఏడ్చినవారిలో అన్ని మతాల కూలీలూ ఉన్నారు.

ఉన్నవారికి సుఖం దక్కిందని మేము అనడం లేదు. ఉద్యోగాలు తగ్గాయి. డ్యోఢీలు అమ్ముడుపోయాయి. పాతబస్తీ పేదరికం మనందరికీ తెలుసు. అల్లర్లూ చూశాము, కర్ఫ్యూలూ చూశాము. కాని వారు ఉండడం వల్లనే మసీదులో అజాన్ ఆగలేదు, మదరసా మూతపడలేదు, మనకు ఓటరు లిస్టులో పేరున్నది.

ఇంకొక ముచ్చట. ఉస్మానియాలో ఉర్దూ పోయిందన్న దిగులుతో లింగంపల్లి మీదుగా రైలెక్కి పోయినవారు, ఆ స్టేషన్‌కు కొద్ది దూరంలోనే, గచ్చిబౌలిలో, 1998లో మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ యూనివర్సిటీ వస్తుందని కలగన్నారా? అదే 1998లో మాధాపూర్‌లో సైబర్ టవర్స్ తెరిచారు. అంతకుముందే 1974లో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ వచ్చింది. వారు విడిచిపోయిన గుట్టల దగ్గరికి ఇప్పుడు దేశం నలుమూలల నుంచి పిల్లలు ఉద్యోగాల కోసం వస్తున్నారు. ఒక యూనివర్సిటీతో మన భాష కష్టాలన్నీ తీరలేదు, నిజమే. కాని ఇక అయిపోయిందనుకున్నది అయిపోలేదని మాత్రం అది సాక్ష్యం చెబుతున్నది.

అరబ్ దేశాల దారి

1973 తరువాత చమురు ధరలు పెరగడంతో అరబ్ దేశాలలో పని దొరికింది. మన ఇళ్లలో ఎవరో ఒకరు జిద్దా, రియాద్, దుబాయ్, కువైట్ పోనివారు లేరు. కాని ఆ పోవడం వేరు. వారు ఇల్లు అమ్ముకుని పోలేదు, ఇల్లు కట్టడానికి పోయారు. పౌరసత్వం వదులుకోలేదు. పంపిన డబ్బుతో చెల్లెళ్ల పెళ్లిళ్లయ్యాయి, పిల్లల ఫీజులు కట్టారు, మసీదులకు మినార్లు లేచాయి. ఏజెంట్ల చేతుల్లో మోసపోయినవారూ ఉన్నారు కాబట్టే 1983లో వలస చట్టం చేశారు. ఆ తరువాత షికాగో, టొరంటో దారి తెరుచుకుంది. ఆ దేశాల్లో స్థిరపడి పౌరసత్వం మార్చుకున్నవారూ ఉన్నారు. పౌరసత్వం మార్చుకోవడం మన ఒక్కరి వ్యవహారమే కాదు. 2022 ఒక్క సంవత్సరంలోనే అన్ని మతాలవారూ కలిసి రెండు లక్షల ఇరవై ఐదు వేల మందికి పైగా భారత పౌరసత్వం వదులుకున్నారని ప్రభుత్వమే పార్లమెంటుకు చెప్పింది. కాబట్టి పోతున్న మన పిల్లవాడిని చూసి ఎవరైనా దేశద్రోహి అంటే వారి నోరు మూయించడానికి ఈ లెక్క ఒక్కటి చాలు.

మా మనవి

చదువు కోసం పోయేవారిని, సంపాదన కోసం పోయేవారిని మేము ఆపము. జ్ఞానం కోసం దూరం పోవడం మన ధర్మంలో ఎప్పుడూ గౌరవమే. విదేశీ ప్రయాణం వ్యక్తి స్వేచ్ఛలో భాగమని మన సుప్రీంకోర్టు 1978లో మేనకా గాంధీ కేసులో చెప్పింది. అది మన హక్కు. కాని కేవలం మనసు విరిగి, ఈ దేశంలో మనకింక పని లేదని ఇల్లూ వాకిలీ అమ్ముకుని పోదామనుకునేవారికి మూడు మాటలు విన్నవించుకుంటాము.

మొదటిది, కోపం మీద ఉన్నప్పుడు సంతకం పెట్టకండి. పోతే ఏ దేశం, ఏ వీసా, ఏ పని, ముసలి తల్లిదండ్రులను ఎవరు చూస్తారు అన్నది ఇంట్లో ఆడవాళ్లతో సహా కూర్చుని మాట్లాడుకోండి. 1948లో ఎన్నో ఇళ్లలో మగవాళ్లు నిర్ణయిస్తే, ఆడవాళ్లు జీవితాంతం పుట్టింటి కోసం ఏడ్చారు. రెండవది, ఎవరు పోయినా ఆస్తి పంపకాలు, కాగితాలు, ఉన్నవారి పేరున హక్కులు సరిచేసి పొండి. మీ తమ్ముడిని ఆఫీసుల చుట్టూ తిప్పకండి. మూడవది, పోయే ముందు ఇక్కడ చేయవలసినది అంతా చేశామా అని ఒక్కసారి ఆలోచించుకోండి. ఓటరు లిస్టులో మన పేరుందో లేదో చూసుకున్నామా? అన్యాయం జరిగితే అర్జీ రాశామా, వకీలును పెట్టామా? పక్కింటివారితో కూర్చుని ఒక పూట భోంచేశామా?

పోయేవాడి అసంతృప్తి అతనితో పోతుంది. దానికి కారణమైన అన్యాయం మాత్రం ఇక్కడే ఉంటుంది, టికెట్టుకు డబ్బులు లేని మన పేద సోదరుడి నెత్తిన ఇంకా బరువుగా కూర్చుంటుంది. చదువుకున్నవారు, నాలుగు మాటలు మాట్లాడగలిగినవారు, అర్జీ రాయగలిగినవారు పోతే అతని తరఫున మాట్లాడేదెవరు? 1948 తరువాత పల్లెల్లో మన జనానికి సరిగ్గా ఇదే జరిగింది. పట్నంలో చదువుకున్నవారు ఎందరో పోయారు. పల్లెల్లో సాగు చేసుకునేవాడు, బండి తోలేవాడు, దూదేకులవాడు దిక్కులేక ఉండిపోయాడు.

1947 అక్టోబరులో ఢిల్లీ జామా మసీదు మెట్ల మీద నిలబడి మౌలానా అబుల్ కలాం ఆజాద్ గారు పోతున్నవారిని ఆగమని వేడుకున్నారు. ఆయన పేరున్న యూనివర్సిటీ మన గచ్చిబౌలిలో ఉన్నది. ఆ రోడ్డు మీదుగా రోజూ ఆఫీసుకు పోయే మన పిల్లలు ఆ బోర్డు చూసినప్పుడు ఒక్క క్షణం ఆగి ఆలోచిస్తే చాలు.

వచ్చే సమావేశంలో మన సభ్యులందరూ తమ ఇంట్లో 1948 నాటి సంగతులు తెలిసిన పెద్దలు ఇంకా ఉంటే వారిని వెంట తీసుకురావలసిందిగా కోరుతున్నాము. వారి మాటలు రాసిపెట్టుకుందాం. పోవాలనుకునేవారూ రండి, ఉండాలనుకునేవారూ రండి. కలిసి మాట్లాడుకుందాం. అల్లాహ్ మనందరికీ మంచి ఆలోచన ప్రసాదించుగాక. ఆమీన్.